గుండె కండను కొలెస్ట్రాల్ మాత్ర కుంగదీస్తుందా?



కొలెస్ట్రాల్ తగ్గించడానికి డాక్టర్లు రాసే స్టాటిన్ మాత్రల గురించి ఈ ప్రసంగం. అందులోనూ ఒకే ఒక్క సందేహం గురించి. ఈ మాత్రలు గుండె కండరాన్ని బలహీనపరుస్తాయా? గుండెను కాపాడుకోవడానికి వేసుకునే మందు గుండెనే కుంగదీస్తుందా?

హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట వైపు నుంచి వచ్చే రోగులను చూస్తుంటాను కాబట్టి ఈ ప్రశ్న నాకు తరచుగా ఎదురవుతుంది. ఒకప్పుడు ద్రాక్షతోటలకూ కోళ్ల ఫారాలకూ పేరుపడిన ఊళ్లు ఇవి. ఇప్పుడు నాగపూర్ రోడ్డు పొడవునా గోదాములు, రాజీవ్ రహదారి పొడవునా వెంచర్లు. శామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి వైపు వెళితే మందుల, టీకాల కంపెనీలున్న జీనోమ్ వ్యాలీ. 1997లో మన దేశంలోనే తయారైన హెపటైటిస్-బి టీకాను తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ మేడ్చల్ దగ్గరిదే. ఈ చుట్టుపక్కల మందుల కంపెనీలో పనిచేసే మనిషి లేని వాడకట్టు అరుదు. మాత్ర ఎలా తయారవుతుందో కళ్లారా చూసినవాళ్లు దాని గురించి గట్టిగానే అడుగుతారు. అడగాలి కూడా.

అలా అడిగిన ఒక పెద్దాయన గురించి చెబుతాను. మందుల కంపెనీలో ప్యాకింగ్ పనిచేసి రిటైరయ్యాడు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నాడు. ఒకరోజు నా గదిలోకి వచ్చి, చొక్కా జేబులోంచి మాత్రల పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు. పది మాత్రల పట్టీలో ఆరు అలాగే ఉన్నాయి. జేబులో తిరిగి తిరిగి పట్టీ అంచులు నలిగిపోయాయి, వెనకవైపు అక్షరాలు చెరిగిపోయాయి. చూడగానే అర్థమైంది, ఆపేసి కొన్నాళ్లయిందని. "సారూ, తొడలు గుంజుతున్నయి. గుండె గూడ కండనే గద! కాళ్లను పట్టింది గుండెను ఇడిసిపెడతదా? అందుకే బంద్ జేసిన" అన్నాడు.

ఆయన ఆలోచన తీసిపారేసేది కాదు. గుండె నిజంగానే కండ. స్టాటిన్ కొందరికి కాళ్లూ చేతుల కండలను బాధపెట్టే మాటా నిజమే. అయితే ఈ రెండు నిజాలను కలిపి ఆయన తేల్చిన మూడో మాట నిజమా కాదా? దానికి జవాబు గత ముప్పై ఏళ్లలో వేలమంది రోగుల మీద జరిగిన పరిశీలనల్లో ఉంది. అక్కడికి వెళ్లేముందు గుండె కండ ఎలా పనిచేస్తుందో కాస్త చూడాలి.

గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. చేతి కండకు అలసట వస్తే బరువు దించి కూర్చోవచ్చు. గుండెకు ఆ వీలు లేదు. అందుకని దాని కణాల్లో మైటోకాండ్రియా అనే శక్తి కేంద్రాలు కిక్కిరిసి ఉంటాయి, కణంలో సుమారు మూడోవంతు చోటు వాటిదే. అవి తయారుచేసే శక్తి పదార్థం పేరు ఏటీపీ. గుండె ఒక రోజులో వాడి మళ్లీ తయారుచేసుకునే ఏటీపీని తూకం వేయగలిగితే సుమారు ఆరు కిలోలు ఉంటుందని లెక్క. నిల్వ మాత్రం కొద్ది క్షణాలకు సరిపడేంతే. ఎప్పటికప్పుడు తయారు కావాల్సిందే.

ఈ శక్తి లెక్కను లోకానికి చెప్పినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర చేరాడు. ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఆ పద్ధతితో కండరాన్ని తవ్వుతూ పోతే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, 1929లో ఏటీపీ బయటపడింది. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. అంతకుముందు కండరం కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లం అనుకునేవారు. ఆ సిద్ధాంతాన్ని నడిపిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. సుబ్బారావు పనితో ఆ పాఠం తిరగరాయాల్సి వచ్చింది.

ఇదంతా పాత చరిత్ర అనుకోకండి. కండరాల నొప్పి వచ్చిందంటే డాక్టరు మీకు రాసే రక్తపరీక్షను ల్యాబుల్లో సీపీకే అంటారు. క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము అది. ఫాస్ఫోక్రియాటిన్ నుంచి ఏటీపీని తిరిగి నింపే పని దానిది. కండ దెబ్బతింటే ఆ ఎంజైము రక్తంలోకి కారుతుంది. మేడ్చల్ చౌరస్తాలో ఏ ల్యాబులో మీరు సీపీకే చేయించుకున్నా, ఆ కాగితం వెనక మన సుబ్బారావు కనిపెట్టిన పదార్థం ఉంది. ఆయన బతికుండగా ఈ దేశం ఆయన్ని గుర్తించలేదు, 1948లో అమెరికాలోనే పోయాడు. ఆ పేరు మన పిల్లల పాఠాల్లో ఇంకా పెద్దగా వినిపించాలని నాకు గట్టిగా ఉంటుంది.

ఇక స్టాటిన్ సంగతి. దీన్ని కనిపెట్టింది జపాన్‌లో సాంక్యో కంపెనీ శాస్త్రవేత్త అకిరా ఎండో. మన శరీరంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మనం తిన్నది కాదు, లోపలే, ముఖ్యంగా కాలేయంలో తయారయ్యేది. ఆ తయారీలో ఒక మెట్టు దగ్గర పనిచేసే ఎంజైమును ఆపగలిగే పదార్థం బూజుల్లో దొరుకుతుందేమోనని ఎండో బృందం దాదాపు ఆరువేల రకాలు గాలించింది. 1973లో పెన్సిలియం జాతి బూజులో కాంపాక్టిన్ దొరికింది. ఎలుకలకు ఇస్తే కొలెస్ట్రాల్ తగ్గలేదు. పని అక్కడితో ఆగిపోవాల్సిందే. అప్పుడు ఒక సహోద్యోగి గుడ్లుపెట్టే కోళ్లు ఇచ్చాడు. గుడ్డు నిండా కొలెస్ట్రాల్ ఉంటుంది కాబట్టి కోడి దాన్ని బాగా తయారుచేస్తుందని ఎండో ఆలోచన. మందు కలిపిన మేత పెడితే కోళ్ల రక్తంలో కొలెస్ట్రాల్ సగానికి దగ్గరగా పడిపోయింది. కోళ్ల ఫారాల మధ్య పెరిగిన శామీర్‌పేట వాళ్లకు ఈ ముక్క చెబితే ముఖం వెలుగుతుంది. తర్వాత అమెరికాలో మెర్క్ కంపెనీ మరో బూజు నుంచి లోవాస్టాటిన్ తీసింది, 1987లో దానికి అనుమతి వచ్చింది. ఎండో 2024 జూన్‌లో తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

అనుమానం పుట్టింది కూడా ఎండో పట్టుకున్న ఆ మెట్టు దగ్గరే. అక్కడ అడ్డుకట్ట వేస్తే ఆగేది కొలెస్ట్రాల్ ఒక్కటే కాదు. అదే దారిలో కాస్త ముందుకు పోయాక కోఎంజైమ్ క్యూ10 అనే ఇంకో పదార్థం కూడా తయారవుతుంది. మైటోకాండ్రియాలో ఏటీపీ తయారీకి అది లేనిదే కుదరదు. 1957లో దాన్ని మొదటిసారి వేరుచేసింది కూడా ఎద్దు గుండె నుంచే. స్టాటిన్ వాడేవాళ్ల రక్తంలో క్యూ10 తగ్గుతుందన్నది పరీక్షల్లో తేలిన మాట. స్టాటిన్‌తో పాటు క్యూ10 కలిపి ఇచ్చే ఆలోచనకు మెర్క్ 1990లో పేటెంట్లు తీసుకుంది, మందుగా మాత్రం ఎన్నడూ అమ్మలేదు. ఈ సంగతిని పట్టుకుని కంపెనీలకు అంతా తెలుసు, దాస్తున్నాయి అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

2004లో అమెరికా నుంచి ఒక చిన్న అధ్యయనం వచ్చింది. 14 మందికి అటోర్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు ఇచ్చి కొన్ని నెలల తర్వాత ఎకో అనే గుండె స్కాన్ చేశారు. 10 మందిలో గుండె సడలి రక్తం నింపుకునే తీరులో కొంత తేడా కనిపించింది. క్యూ10 ఇస్తే మళ్లీ మెరుగైంది. గుండె కుంగిపోతుందనే ప్రచారానికి ఎక్కువగా చూపించే ఆధారం ఇదే. మనుషులు 14 మంది. పోల్చి చూడటానికి మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్న బృందం లేదు. ఎకోలో కనిపించిన తేడా వల్ల ఎవరికైనా ఆయాసం వచ్చిందా, ఆసుపత్రి పాలయ్యారా అన్నది అది చెప్పలేదు. అలాంటి పరిశీలన ఒక ప్రశ్న లేవనెత్తగలదు, తీర్పు ఇవ్వలేదు. ప్రశ్న లేవనెత్తినందుకు దాన్ని నేను తప్పుపట్టను.

జవాబు కోసం పెద్ద పరీక్షలు చూడాలి. మొదటిది 1994లో స్కాండినేవియా దేశాల నుంచి వచ్చింది, ఫోర్ ఎస్ అని పిలుస్తారు. గుండెజబ్బు ఉన్న 4,444 మందిలో సగం మందికి సింవాస్టాటిన్, సగం మందికి ఉత్తి మాత్ర. సగటున అయిదేళ్లకు పైగా చూశారు. ఉత్తి మాత్ర వైపు 256 మంది చనిపోయారు, మందు వైపు 182 మంది. మన ప్రశ్నకు సంబంధించిన లెక్క తర్వాత బయటికి వచ్చింది. ఆ అయిదేళ్లలో కొత్తగా గుండె బలహీనపడి హార్ట్ ఫెయిల్యూర్ వచ్చినవాళ్లు ఉత్తి మాత్ర వైపు నూటికి 10.3 మంది, స్టాటిన్ వైపు 8.3 మంది. మాత్ర గుండె కండను తినేదే అయితే ఈ లెక్క తలకిందులుగా రావాలి.

సరే, బలంగా ఉన్న గుండెలు తట్టుకున్నాయేమో, ముందే కుంగిన గుండె సంగతేమిటి? ఇది అసలైన ప్రశ్న. గుండె రక్తాన్ని నెట్టే బలాన్ని మన దగ్గర రోగులు "పంపింగ్" అంటారు. టూడీ ఎకో కాగితం చూపించి "నా పంపింగ్ ముప్పై అయిదే ఉంది సార్" అంటారు. మామూలు గుండెకు అది నూటికి యాభై అయిదు, అంతకు పైన ఉంటుంది. 2007లో వెలువడిన కరోనా అనే పరీక్ష అచ్చంగా ఇలాంటివాళ్ల మీదే జరిగింది. ఆ పేరుకూ తర్వాత వచ్చిన మహమ్మారికీ ఏ సంబంధమూ లేదు. అరవై దాటినవాళ్లు, రక్తనాళాల జబ్బుతో పంపింగ్ నలభై లోపుకు పడిపోయినవాళ్లు, 5,011 మంది. రోసువాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు ఒక సగానికి, ఉత్తి మాత్ర ఇంకో సగానికి. మరణాలు, గుండెపోట్లు, పక్షవాతాలు కలిపి లెక్కేస్తే రెండు వైపులా పెద్ద తేడా రాలేదు. మేలు జరుగుతుందని ఆశపడ్డ డాక్టర్లకు నిరాశే. గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరడం మాత్రం స్టాటిన్ వైపు తగ్గింది. గుండె మరింత కుంగిపోవడం అనేది ఎక్కడా కనిపించలేదు. మరుసటి ఏడాది ఇటలీలో 4,500 మందికి పైగా హార్ట్ ఫెయిల్యూర్ రోగుల మీద జరిగిన జిస్సీ పరీక్షా అదే చెప్పింది. ప్రత్యేకమైన మేలు లేదు, కీడు కూడా లేదు.

కరోనా పరీక్షలో ఇంకో పని చేశారు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. పాల్గొన్నవాళ్లలో సుమారు 1,200 మంది రక్తంలో క్యూ10 ఎంత ఉందో మొదట్లోనే కొలిచారు. స్టాటిన్ వేసుకున్నాక అది తగ్గింది కూడా. మరి మొదటి నుంచీ క్యూ10 తక్కువగా ఉన్నవాళ్లకు స్టాటిన్ వల్ల నష్టం జరిగిందా? జరగలేదు. 2010లో ఆ ఫలితం అచ్చయింది. రక్తంలో క్యూ10 ప్రయాణం చేసేది చెడు కొలెస్ట్రాల్ కణాల మీదే. ఆ కణాలు తగ్గితే వాటి మీద ఉన్నదీ రక్తంలో తగ్గుతుంది. అంతమాత్రాన గుండె కండలో కూడా అంతే తగ్గిపోయిందని అనుకోనక్కర్లేదు. అనుమానం ఉంది, దాన్ని సూటిగా పరీక్షించారు, నిలవలేదు. సైన్సు ఇలా నడవాలి.

దీన్ని రోగులకు నేను ఇలా చెబుతాను. బోరుబావికి మోటారు, పైపులు రెండూ ఉంటాయి కదా, స్టాటిన్ పైపులు పూడిపోకుండా చూసే మందు, కాలిపోయిన మోటారుకు కొత్తగా వైండింగ్ చేసేది కాదు. పంపింగ్ పడిపోయినవాళ్లకు మోటారు కోసం వేరే మందులు ఉన్నాయి. బీటా బ్లాకర్లు, రెనిన్ వ్యవస్థను అదుపుచేసేవి, స్పైరోనోలాక్టోన్, మొదట షుగరుకు వచ్చి ఇప్పుడు గుండెకూ వాడుతున్న ఫ్లోజిన్లు. అవి వాడకుండా స్టాటిన్ ఒక్కటే వేసుకుంటూ పంపింగ్ పెరగలేదని మాత్రను తిడితే లాభం లేదు.

ఇప్పుడు కాళ్ల నొప్పుల సంగతి. ఇక్కడ రోగి మాట వినాలి, కొట్టిపారేయకూడదు. స్టాటిన్లలో సెరివాస్టాటిన్ అనేది ఒకటి ఉండేది. కండలు కరిగి, మూత్రపిండాలు దెబ్బతిని 50 మందికి పైగా చనిపోయిన నివేదికలు వచ్చాక 2001 ఆగస్టులో బేయర్ కంపెనీ దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. జెమ్‌ఫిబ్రోజిల్ అనే మరో కొవ్వు మందుతో కలిపి వాడినవాళ్లలో ఆ ముప్పు బాగా ఎక్కువ. ఇప్పుడు వాడే మాత్రల్లో అంత తీవ్రమైన దెబ్బ చాలా అరుదు. మామూలు నొప్పుల మీద 2022లో ఒక పెద్ద లెక్క వచ్చింది. ఉత్తి మాత్రతో పోల్చిన 19 పరీక్షల్లో లక్షా ఇరవైమూడు వేలమందికి పైగా ఉన్నారు. కండర నొప్పి ఉందన్నవాళ్లు స్టాటిన్ వైపు నూటికి 27.1, ఉత్తి మాత్ర వైపు 26.6. అంటే నడివయసు దాటాక నొప్పులు ఎలాగూ వస్తాయి, అందులో మాత్ర వల్ల వచ్చేవి బాగా తక్కువ, అవి కూడా ఎక్కువగా మొదటి ఏడాదిలోనే.

లండన్‌లో ఇంకో పరీక్ష చేశారు. నొప్పులు తట్టుకోలేక స్టాటిన్ మానేసిన 60 మందికి పన్నెండు నెలలకు పన్నెండు సీసాలు ఇచ్చారు. నాలుగింట్లో అటోర్వాస్టాటిన్, నాలుగింట్లో ఉత్తి మాత్రలు, నాలుగు ఖాళీ సీసాలు. ఏ మాత్ర ఏదో వాళ్లకు తెలియదు. రోజూ బాధకు మార్కులు వేయమన్నారు. మాత్ర లేని నెలల్లో సగటు 8, ఉత్తి మాత్ర నెలల్లో 15.4, స్టాటిన్ నెలల్లో 16.3. బాధ నిజమే, వాళ్లు నటించలేదు. ఆ బాధలో ఎక్కువ భాగాన్ని తెచ్చింది మాత్రలోని మందు కాదు, మాత్ర వేసుకున్నామన్న భయం. ఫలితం చూపించాక వాళ్లలో సగం మంది మళ్లీ మందు మొదలుపెట్టారు. ఈ పరీక్ష చదివినప్పటి నుంచీ స్టాటిన్ రాసేటప్పుడు దుష్ఫలితాల జాబితాను గబగబా అప్పజెప్పడం మానుకున్నాను. కూర్చోబెట్టి, నిదానంగా, ఏది మామూలు, ఏది ప్రమాదం అని విడదీసి చెబుతున్నాను.

ప్రమాదం ఏదంటే, రెండు తొడలూ, రెండు భుజాలూ ఒకేసారి బరువెక్కి, కింద కూర్చుని లేవడం, మెట్లెక్కడం కష్టం కావడం. మూత్రం డికాషన్ రంగులో రావడం. ఇవి కనబడితే ఆ పూటే మాత్ర ఆపి ఆసుపత్రికి రావాలి. సీపీకే మామూలు హద్దుకు పది రెట్లు దాటితే మందు కొనసాగించకూడదు. మందు ఆపాక కూడా వారాల తరబడి బలహీనత పెరుగుతూ పోతే, శరీరం తన కండ మీద తానే దాడిచేసే అరుదైన జబ్బు ఒకటుంది, దానికి వేరే వైద్యం కావాలి. ఒక మోకాలో, నడుములో ఒక పక్కనో నొప్పి ఉంటే అది ఎక్కువగా మాత్ర పని కాదు.

సీపీకే చేయించేటప్పుడు ఒక జాగ్రత్త. పొద్దంతా నాట్లు వేసో, గోదాములో మూటలు మోసో, జిమ్‌కు కొత్తగా వెళ్లో మర్నాడే రక్తం ఇస్తే సీపీకే ఎక్కువగానే వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ వస్తుంది. రెండు మూడు రోజులు బరువు పనికి దూరంగా ఉండి పరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్ తక్కువగా ఉందేమో కూడా చూడాలి. దాని వల్ల కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కండలూ నొప్పి పెడతాయి, నింద స్టాటిన్ మీద పడుతుంది.

నలిగిన పట్టీ తెచ్చిన పెద్దాయన సీపీకే మామూలు హద్దుకు మూడు రెట్లు ఉంది. థైరాయిడ్ బాగానే ఉంది. ఇంకేం మందులు వాడావన్నా అని గుచ్చి గుచ్చి అడిగితే, గజ్జల్లో తామర వస్తే మెడికల్ షాపులో అడిగి గుళికలు వేసుకున్నానన్నాడు. ఇట్రాకొనజోల్. తామర మొండికేస్తున్న ఈ రోజుల్లో ఆ గుళికలు చిల్లర సామానులా అమ్ముడుపోతున్నాయి. కాలేయంలో అటోర్వాస్టాటిన్‌ను, సింవాస్టాటిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఇట్రాకొనజోల్ ఆపేస్తుంది. అప్పుడు వేసుకున్నది ఒక మాత్రే అయినా రక్తంలో అంతకు ఎన్నో రెట్లు పేరుకుంటుంది. గొంతునొప్పికి, దగ్గుకు ఇచ్చే క్లారిత్రోమైసిన్ చేసేదీ అదే. ఆయన గుళికలు అప్పటికే అయిపోయాయి. కొన్ని వారాలు ఆగి, సీపీకే మామూలైందని చూసుకుని, ఆ దారిలో విరగని రోసువాస్టాటిన్ తక్కువ మోతాదులో మొదలుపెట్టాం. తొడల గుంజుడు మళ్లీ రాలేదు. టూడీ ఎకోలో పంపింగ్ స్టెంట్ వేసిన నాటి కంటే తగ్గలేదు.

చాలామందికి తాము స్టాటిన్ వాడుతున్నట్టే తెలియదు. ఎకోస్ప్రిన్ ఏవీ లాంటి గుళికలో యాస్పిరిన్‌తో పాటు అటోర్వాస్టాటిన్ కూడా ఉంటుంది. "అది రక్తం పలచబడే గోలీ సార్" అంటారు. అందుకని తామరకో దగ్గుకో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు స్టాటిన్ సంగతి చెప్పరు. మందు చీటీ, లేదా ఖాళీ పట్టీ, ఏదో ఒకటి వెంట తీసుకెళ్లండి.

మరి గుండె కండను నిజంగా బలహీనపరిచేవి ఏవి? ఆ కారణాల్లో మన జాతికి సంబంధించినది ఒకటి హైదరాబాద్‌లోనే బయటపడింది. 2009లో ఉప్పల్ దగ్గరి సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, సహచరులు నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. గుండె కండలో ఉండే ఒక ప్రోటీన్ జన్యువులో 25 అక్షరాల ముక్క లోపించడం దక్షిణాసియా జనాభాలో నూటికి నలుగురిలో ఉందని, అది ఉన్నవాళ్లకు నడివయసు దాటాక గుండె కండర జబ్బు ముప్పు బాగా ఎక్కువని తేల్చారు. కోట్లమంది సంగతి ఇది. రక్తనాళాల్లో అడ్డంకి ఏమీ లేకుండా పంపింగ్ పడిపోయినవాళ్లలో కారణం ఇలాంటిది కావచ్చు. ఏళ్ల తరబడి మద్యం కావచ్చు, అదుపులేని బీపీ కావచ్చు, కాన్పు తర్వాత వచ్చే గుండెజబ్బు కావచ్చు. వీటిని వెతకకుండా నేరాన్ని కొలెస్ట్రాల్ మాత్ర మీదికి నెట్టేస్తే అసలు జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది.

ఎక్కువమంది గుండెను కుంగదీసేది మాత్రం గుండెపోటే. రక్తం అందక ఆగిపోయిన చోట కండ చచ్చి మచ్చకడుతుంది, అది మళ్లీ రాదు. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు వచ్చే వయసు దక్షిణాసియాలో 53. ప్రపంచంలో మిగతా చోట్ల దాదాపు 59. ఇది పట్నం జబ్బు అన్న మాట కూడా ఎప్పుడో పోయింది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో మరణాలకు కారణాలు లెక్కతీస్తే, దాదాపు మూడింట ఒకటి గుండె, రక్తనాళాల జబ్బే.

ఇలా ఊళ్లలో ఆరోగ్యాన్ని లెక్కతీసే పని మేడ్చల్‌లో ముందే మొదలైంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గుండె వైద్యం బోధించిన డాక్టర్ పి.ఎస్. రెడ్డి షేర్ ఇండియా సంస్థను పెట్టి, ఘన్‌పూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాలను నిలబెట్టి, మేడ్చల్ మండలం ఊళ్లలో రీచ్ పేరుతో ఇంటింటి ఆరోగ్య లెక్కలు తీయించారు. ఆసుపత్రికి రాని మనిషి ఆరోగ్యం కూడా వైద్యుడి బాధ్యతే అన్న ఆలోచన అది. ఆ ఆలోచన మీద నాకు గౌరవం ఉంది. ఇప్పుడు మన రాష్ట్రంలో బీపీ, షుగరు మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. స్టాటిన్ కూడా అదే వరుసలో ప్రతినెలా, తప్పకుండా అందాలి. అటోర్వాస్టాటిన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే.

మాత్ర ఆగిపోవడానికి భయం ఒక్కటే కారణం కాదు, మాత్రల సంఖ్య కూడా. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ తయారుచేసిన ఒక ఎర్ర గుళికలో యాస్పిరిన్, సింవాస్టాటిన్, రెండు బీపీ మందులు కలిపి ఉండేవి. మన దేశంలోనూ యూరప్‌లోనూ 2,004 మంది మీద దాన్ని పరీక్షించారు. 2013లో ఫలితం వచ్చింది. విడివిడిగా మాత్రలు వేసుకునేవాళ్లలో నూటికి 65 మంది మందు మానకుండా వాడితే, ఒకే గుళిక వేసుకున్నవాళ్లలో 86 మంది వాడారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి కలిపిన గుళికలను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

నొప్పులతో నిజంగా ఇబ్బంది పడుతున్నవాళ్లకు దారులున్నాయి. డాక్టరుకు చెప్పి రెండు నుంచి నాలుగు వారాలు ఆపి చూడవచ్చు. నొప్పి తగ్గితే ఇంకో స్టాటిన్ తక్కువ మోతాదులో మొదలుపెట్టవచ్చు. రోసువాస్టాటిన్ లాంటివి రోజు విడిచి రోజు వేసుకున్నా కొంత పనిచేస్తాయి. దానికి ఎజెటిమైబ్ కలపవచ్చు. అస్సలు పడనివాళ్లకు కండలోకి వెళ్లాక పనిచేయని బెంపెడోయిక్ ఆమ్లం ఉంది. క్యూ10 గుళికలు వేసుకుంటామంటే నేను అడ్డుచెప్పను, కానీ నొప్పి తగ్గుతుందన్న రుజువు గట్టిగా లేదు, ఖరీదు మాత్రం స్టాటిన్ కంటే ఎక్కువ. గుండెపోటు వచ్చి, స్టెంట్ పడి ఏడాది లోపు ఉన్నవాళ్లు మాత్రం ఆ రెండు వారాల విరామం కూడా సొంతంగా తీసుకోవద్దు. ముందు చెప్పిన ప్రమాద గుర్తులు లేని మామూలు నొప్పి అయితే, అది మొదలైన రోజే మీ డాక్టరుకు ఫోన్ చేసి, ఆపాలా మార్చాలా అని అడగండి. యాస్పిరిన్, స్టాటిన్ కలిసిన గుళిక వాడుతున్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. దాన్ని ఆపితే స్టాటిన్‌తో పాటు, స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా చూస్తున్న యాస్పిరిన్ కూడా ఆగిపోతుంది.